డ్యాష్‌బోర్డు మీది సబ్‌మెరైన్

కారు స్పీడోమీటరు పక్కన అప్పుడప్పుడు పసుపుపచ్చగా వెలిగే ఆ బొమ్మ ఇంజిన్‌దని ఎవరైనా చెబితే తప్ప తెలియదు. బోరు మోటారు అనుకునేవాళ్లున్నారు, హెలికాప్టర్ అనుకునేవాళ్లున్నారు. విశాఖపట్నం పిల్లలకు మాత్రం అనుమానమే లేదు, అది సబ్‌మెరైనే. 2002 నుంచి ఆర్కే బీచ్ ఒడ్డున మ్యూజియమై కూర్చున్న ఐఎన్‌ఎస్ కురుసురను చూస్తూ పెరిగిన కళ్లకు ఇంకోలా ఎలా కనిపిస్తుంది? వెనక సీట్లోంచి "నాన్నా, సబ్‌మెరైన్ లైటు వెలిగింది" అని వినబడితే మామూలుగా నవ్వు రావాలి. స్టీరింగ్ పట్టుకున్న నాన్నకు మాత్రం ఆ క్షణంలో ఈ నెల ఈఎంఐ, పిల్లల ఫీజు, రాబోయే సర్వీసింగ్ బిల్లు వరసగా కళ్ల ముందు నిలుస్తాయి.

లైటు వెలిగినా కారు నడుస్తూనే ఉంటుంది. చప్పుడు లేదు, వాసన లేదు, పొగ లేదు. కూర్మన్నపాలెంలో బయల్దేరి ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ ఎక్కి దిగినా ఏ తేడా తెలియదు. దాంతో మొదటి రోజు భయం మర్నాటికి చిరాకవుతుంది, వారం తిరిగేసరికి అలవాటైపోతుంది. దాని మీద నల్ల టేపు ముక్క అంటించి తిరిగే మహానుభావులూ లేకపోలేదు.

ఎర్ర లైటైతే సంగతి వేరు. ఆయిల్ ప్రెషర్‌ది గానీ ఇంజిన్ వేడిది గానీ ఎర్రగా వెలిగితే ఎక్కడున్నా పక్కకు తీసి ఆపాల్సిందే. పసుపు లైటు నిలకడగా వెలుగుతుంటే నిదానంగా ఇంటికి చేరి, మర్నాడో ఎల్లుండో చూపించుకోవచ్చు. అదే పసుపు లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం వెంటనే యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలి. ఏదో ఒక సిలిండర్లో నిప్పు అంటుకోవడం లేదు, పచ్చి పెట్రోలు తిన్నగా సైలెన్సర్ దారి పడుతోంది. ఆ దారిలోనే కెటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. ప్లాటినం, పలాడియం, రోడియం పూత పూసిన సిరామిక్ జల్లెడ అది. పచ్చి పెట్రోలు అక్కడ చేరి కాలితే ఆ వేడికి జల్లెడ కరిగి ముద్దైపోతుంది. స్పార్క్ ప్లగ్గుతోనో కాయిల్‌తోనో తేలిపోయే పని పదుల వేలకు ఎగబాకుతుంది.

ఈ దీపాన్ని ఓనరు బాగు కోసం పెట్టారని అందరూ అనుకుంటారు. దీని పుట్టుక వేరే చోట ఉంది. 1940ల్లో లాస్ ఏంజెలస్ జనానికి కళ్లు మండేవి, గొంతు గరగరలాడేది. ఆ మంటపొగ ఎక్కణ్నుంచి వస్తోందో ఎవరికీ అంతుపట్టలేదు. కాల్‌టెక్‌లో అనాసపండుకు ఆ వాసన దేనివల్ల వస్తుందో పరిశోధిస్తున్న ఏరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త చేతిలో పని పక్కన పెట్టి ఆ ఊరి గాలిని పట్టుకున్నాడు. కార్ల నుంచీ రిఫైనరీల నుంచీ వచ్చే పెట్రోలు ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడులు ఎండలో ఒకదానితో ఒకటి కలిసి ఓజోన్ పుట్టిస్తున్నాయని 1950ల తొలినాళ్లలో తేల్చాడు. తర్వాతి రోజుల్లో కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డుకు తొలి ఛైర్మనయ్యాడు. పొగను అదుపు చేసే భాగం చెడిపోతే ఆ సంగతి కారే చెప్పాలని 1988 మోడళ్ల నుంచి నిబంధన పెట్టింది ఆ బోర్డే. 1996 మోడళ్ల నుంచి అమెరికా అంతటా అన్ని కంపెనీల కార్లకూ ఒకే రకం సాకెట్, ఒకే రకం కోడ్లు వచ్చాయి. దాన్నే ఓబీడీ-2 అంటారు. మన దేశానికి ఈ పద్ధతి మొదటి దశ 2010లో, రెండో దశ 2013లో వచ్చింది. 2020లో భారత్ స్టేజ్-6 వచ్చి, 2023లో ఇంకో మెలిక బిగిసింది.

లాస్ ఏంజెలస్‌కు ఒక పక్క సముద్రం, మిగతా పక్కల కొండలు. విశాఖపట్నం భూగోళమూ దాదాపు అంతే. ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండ, తూర్పున బంగాళాఖాతం. పర్యావరణ నివేదికల్లో నగరం నడిబొడ్డుకు 'బౌల్ ఏరియా' అని పేరే పడిపోయింది. పోర్టు, రిఫైనరీ, లారీలు, ఆటోలు, కార్లు అన్నీ ఆ గిన్నెలోవే. వన్‌టౌన్‌లో బాల్కనీ రెయిలింగ్ తుడిచిన గుడ్డ ఏ రంగులో ఉంటుందో అక్కడి ఇల్లాళ్లను అడిగితే చెబుతారు. అలాంటి ఊళ్లో ఈ పసుపు దీపం కారులో కూర్చున్నవాడి కోసం వెలిగేదానికంటే, ఆ కారు వెనకాల స్కూటర్ మీద ముక్కు మూసుకుని వస్తున్నవాడి కోసం వెలిగేది ఎక్కువ.

అయితే మన పొల్యూషన్ సర్టిఫికెట్‌కు ఈ దీపంతో పని లేదు. పెట్రోలు బంకు పక్కన వ్యానులో ఉండే కుర్రాడు సైలెన్సర్లోకి గొట్టం దూర్చి, కార్బన్ మోనాక్సైడ్ ఎంత, హైడ్రోకార్బన్లు ఎంత అని చూసి కాగితం చేతిలో పెడతాడు. డ్యాష్‌బోర్డు వైపు తొంగి చూడడు. న్యూజెర్సీలో ఉండే మనవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ తనిఖీకి వెళ్లిన కారులో ఈ లైటు వెలుగుతుంటే చాలు, ఫెయిల్. అందుకే అమెరికా నుంచి వాట్సాప్‌లో వచ్చే సలహాల్లో మొదటిది ఎప్పుడూ ఒకటే: "ఒకసారి ఫ్యూయల్ క్యాప్ గట్టిగా బిగించి చూడు బావా." అక్కడ అది మంచి సలహాయే. ట్యాంకు నుంచి ఆవిరి లీకవుతోందేమో కారు తనంతట తాను పరీక్షించుకోవాలని అక్కడి నిబంధన. మన ప్రమాణాలు యూరప్ బాటలో వచ్చినవి గనక ఇక్కడ తిరిగే చాలా కార్లకు ఆ పరీక్షే లేదు. బావ మాట మీద మూత ఎంత బిగించినా లైటు దాని మానాన అది వెలుగుతూనే ఉంటుంది.

స్టీరింగ్ కింద, మోకాలికి దగ్గర్లో 16 పిన్నుల సాకెట్ ఒకటి దాక్కుని ఉంటుంది. దానికి స్కానర్ తగిలిస్తే ఒక అక్షరం, నాలుగు అంకెల కోడ్ వస్తుంది. 'పి' అంటే ఇంజిన్, గేర్‌బాక్స్ సంగతి. 'బి' బాడీ, 'సి' ఛాసిస్, 'యు' కంప్యూటర్ల మధ్య మాటామంతీ. ఒకప్పుడు ఇది కంపెనీ వర్క్‌షాపుల గుత్త సొత్తు. ఇప్పుడు అగ్గిపెట్టెంత బ్లూటూత్ ముక్క కొని గుచ్చితే ఫోన్లోనే కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. కోడ్ వచ్చిందంటే రోగం తెలిసిపోయిందనుకుంటారు. నిజానికి అది ఎఫ్‌ఐఆర్. ఫిర్యాదు ఎవరిచ్చారో, ఏ సెక్షన్ కింద నమోదైందో అందులో ఉంటుంది. నేరం ఎవరు చేశారో ఉండదు. మన వర్క్‌షాపుల్లో తరచూ జరిగేదేమిటంటే, ఫిర్యాదిచ్చినవాణ్నే పట్టుకుని లోపలేస్తారు. "ఆక్సిజన్ సెన్సార్ కోడ్ కొడుతోంది సార్, సెన్సార్ మార్చేద్దాం." సెన్సార్ మారుస్తారు, బిల్లు కట్టిస్తారు, పది రోజులకు లైటు మళ్లీ వెలుగుతుంది.

గాజువాక ఆటోనగర్‌లో ఒక షెడ్డు. ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేసి రిటైరైన ఒకాయన తన పెట్రోలు కారు తెచ్చి నిలబెట్టారు. కోడ్ పి0171. ఇంజిన్లో గాలి పాలు ఎక్కువ, పెట్రోలు పాలు తక్కువ అని దానర్థం. అంతకుముందు చూపించిన చోట సెన్సార్ మార్చాలన్నారు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని నదుల పేర్లు, అన్నం పెట్టే తల్లి పేరు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసుల దగ్గర సర్వీసంతా గడిపిన మనిషికి ఆ మాట గొంతు దిగలేదు. ఫర్నేసు గోడలో పదుల కొద్దీ థర్మోకపుల్స్ ఉంటాయి. వాటిలో ఒకటి ఉన్నట్టుండి వేడి ఎక్కువ చూపిస్తే, దాన్ని పీకేసి కొత్తది పెట్టమని ఎవరూ అనరు. పక్కనున్నవి ఏం చూపిస్తున్నాయో ముందు చూస్తారు. అవి చల్లగా ఉంటే వైరు సంగతి చూడాలి. అవీ వేడెక్కుతుంటే లోపల ఇటుక అరుగుతోందని అనుమానించాలి. అందుకే ఆయన మేస్త్రిని అడిగిన మొదటి ప్రశ్న: "సెన్సార్ అబద్ధం చెబుతోందని ఎలా తెలిసింది?"

మేస్త్రి బానెట్ ఎత్తుతూనే జవాబిచ్చాడు. "అబద్ధం సెప్పట్లేదు సార్. నిజివే సెప్తంది. అదే గదా గొడవ."

ఆక్సిజన్ సెన్సార్లో ఆ నిజం చెప్పేది జిర్కోనియా అనే సిరామిక్. సుమారు 300 డిగ్రీలు దాటి వేడెక్కితే అది ఆక్సిజన్ అయాన్లను తనలోంచి పోనిస్తుంది. దానికి ఒక పక్క బయటి గాలి, ఇంకో పక్క ఇంజిన్ పొగ. రెండు పక్కలా ఆక్సిజన్‌లో ఉన్న తేడాను బట్టి వోల్టేజీ పుడుతుంది. పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టు దాకా, గాలి ఎక్కువైతే 0.1 దగ్గర. కిలో పెట్రోలుకు 14.7 కిలోల గాలి అన్న లెక్క తప్పకుండా కంప్యూటరు క్షణక్షణం పెట్రోలును పెంచుతూ తగ్గిస్తూ ఉండేది ఈ వోల్టేజీని చూసుకునే. బాష్ కంపెనీ 1976లో వోల్వో కార్లలో ఈ సెన్సార్‌ను తొలిసారి పెట్టింది. స్టీలు వాళ్లకు జిర్కోనియా పాత చుట్టమే. ఉక్కు తయారుచేసే కన్వర్టర్లో ఆక్సిజన్ ఊదాక, సుమారు 1,600 డిగ్రీల వేడిలో ద్రవంగా ఉన్న ఉక్కులో ఇంకా ఎంత ఆక్సిజన్ కరిగి మిగిలిందో తెలుసుకోవడానికి ఒక ప్రోబ్ ముంచుతారు. దాని కొననున్నదీ జిర్కోనియానే. ఆ అంకెను బట్టే అల్యూమినియం ఎంత వేయాలో తేలుస్తారు. అక్కడ ప్రోబ్ ఒక్క మునకతో సరి, కార్లో సెన్సార్ లక్ష కిలోమీటర్లకు పైనే పనిచేస్తుంది. ఈ జిర్కోనియాకు ముడిసరుకైన జిర్కాన్ మన భీమిలి ఇసుకలోనూ ఉంది. ఇల్మనైట్, గార్నెట్, సిలిమనైట్‌లతో కలిసి, కెరటం వెనక్కి వెళ్లినప్పుడు నల్లగా ఎర్రగా చారలు తేలే ఆ బరువైన ఇసుకలో అదీ ఒక రేణువు. ఆదివారం పూట పిల్లలు గూళ్లు కట్టేది దాంతోనే.

మేస్త్రి స్కానర్లో కోడ్ వదిలేసి ఇంకో పేజీ తెరిచాడు. ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె అది. లెక్క ప్రకారం పోయాల్సిన పెట్రోలు కంటే కంప్యూటరు ఎంత ఎక్కువ పోయాల్సి వస్తోందో శాతంలో చెబుతుంది. ఐదారు శాతం అటూ ఇటూ ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఇక్కడ ఐడిల్లో ఇరవై దాటి కూర్చుంది. కుర్రాణ్ని రేజింగ్ ఇమ్మన్నాడు. ఇంజిన్ నిమిషానికి 2,500 చక్కర్లకు చేరేసరికి అంకె చల్లగా ఐదుకు దిగింది. కాలు తీస్తే మళ్లీ ఇరవై. "ఐడిల్లో గాలి తాగేస్తంది, రేజింగ్ ఇస్తే ఊరుకుంటంది. ఎక్కడో పైపు పగిలుంటది" అన్నాడు మేస్త్రి. అందులో మంత్రం లేదు. ఐడిల్లో ఇంజిన్ పీల్చే గాలే కాస్త, కన్నంలోంచి దొంగతనంగా వచ్చే గాలి దాంట్లో పెద్ద వాటా అవుతుంది. రేజింగ్‌లో ఇంజిన్ బోలెడంత గాలి పీలుస్తుంది గనక ఆ దొంగగాలి లెక్కలోకి రాకుండా పోతుంది. ఇదే తలకిందులుగా ఉండి, ఐడిల్లో బాగుండి బండి లాగేటప్పుడు అంకె పెరిగితే, అనుమానం పెట్రోలు పంపు మీదికో, ఫిల్టర్ మీదికో, గాలిని కొలిచే సెన్సార్‌కు పట్టిన మకిలి మీదికో పోతుంది.

తర్వాత పని కార్బ్యురేటర్ క్లీనర్ డబ్బాతో. వేడి భాగాల మీద పడకుండా, రబ్బరు గొట్టాల కీళ్ల దగ్గర ఒక్కో చోట చిటికెడు కొడుతూ వచ్చాడు. మూడు చోట్ల ఏమీ లేదు. ఇంజిన్ వెనక వైపు వంపు తిరిగిన గొట్టం దగ్గర కొట్టగానే ఇంజిన్ గొంతు మారింది, స్కానర్లో అంకె ఊగింది. కుర్రాడు వేలు పోనిచ్చి తడిమాడు. పైనుంచి చూస్తే కొత్తదిలా ఉంది. కింది వంపులో గోరు దిగేంత పగులు. గొట్టం ఖరీదు సెన్సార్ ఖరీదులో ఇసుమంత. రిటైరైన పెద్దాయన ఆ పాత గొట్టాన్ని కాగితంలో చుట్టించుకుని పట్టుకెళ్లారు. ఎవరికి చూపించాలనో అడగడం మర్యాద కాదు.

సెన్సార్ నిజం చెబుతుంది, తానున్న చోటి మేరకే చెబుతుంది. ఈ సంగతి విశాఖపట్నానికి కొత్తగా చెప్పే పని లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలో ఎం6 ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఆ జులైలో నివేదిక ఇచ్చింది. ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగు భాగంలోనే ఉందన్నది అందులోని ఒక ముఖ్యాంశం. పై పొరల్లో స్టైరీన్ వేడెక్కి, గడ్డకట్టడం మొదలై, ఆ చర్యతో ఇంకా వేడెక్కుతుంటే, అడుగునున్న పరికరానికి ఆ సంగతి చెప్పే దారే లేదు. ప్రమాదం జరిగాక జనాన్ని లేపాల్సిన సైరన్ కూడా మోగలేదని అదే నివేదిక చెప్పింది. కొలత లేని చోట దీపం వెలగదు. దీపం లేదు గనక ప్రమాదం లేదనుకోవడం ఈ ఊరికి ఎంత ఖరీదైందో తెలుసు.

అంత పెద్ద విషాదం పక్కన కారు గురించి మాట్లాడటం చిన్నతనంగానే ఉంటుంది. అయినా డ్యాష్‌బోర్డు మీద ఏ దీపమూ లేదని నిశ్చింతగా అరకు ఘాట్ ఎక్కేసేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవడం మంచిది. చాలా కార్లలో బ్రేకు ప్యాడ్లు ఎంత అరిగాయో చూసే సెన్సార్ లేదు. టైమింగ్ బెల్టు ఎంత ముసలిదైందో చెప్పే లైటూ లేదు.

ఈ ఊరి గాలికి, ఈ ఊరి కార్లకు సొంత జబ్బులు కొన్ని ఉన్నాయి. బీచ్ రోడ్డు అపార్టుమెంట్లలో బయట పెట్టిన కార్ల వైరింగ్ కప్లర్లు విప్పితే రాగి పిన్నులకు పచ్చటి చిలుం పట్టి ఉంటుంది. ఉప్పుగాలి పని అది. సెన్సార్ బాగుంటుంది, దాని మాట మాత్రం కంప్యూటరుకు చేరదు. పోర్టు వైపు తిరిగే బండ్లకు ఎయిర్ ఫిల్టర్ మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్ల దాకా ఆగదు. ఇక వినాయకుడి వాహనం సంగతి సరేసరి. రాత్రి వెచ్చటి ఇంజిన్ మీద పడుకోవడానికి వచ్చిన ఎలుక ఖాళీగా ఉండలేక కొరికిన వైరు, స్కానర్లో నానా రకాల కోడ్లుగా తేలుతుంది. ఒకేసారి నాలుగైదు సెన్సార్లు పోయినట్టు కనబడితే అవన్నీ మార్చడానికి ఒప్పుకునే ముందు టార్చి పట్టుకుని వైర్లు చూడటం మేలు. గతుకుల రోడ్డు సంగతీ చెప్పుకోవాలి. సిలిండర్లో నిప్పు అంటుకోలేదని కంప్యూటరు పసిగట్టేది క్రాంక్ షాఫ్ట్ వేగంలో వచ్చే చిన్న తడబాటును చూసి. చక్రం గోతిలో పడ్డా అలాంటి తడబాటే వస్తుంది. అందుకే గతుకుల్లో ఆ పరీక్షను కాసేపు నమ్మకుండా పక్కన పెట్టే తెలివి కూడా కార్లకు నేర్పారు. మన మున్సిపల్ ఇంజినీర్లు దీనికి గర్వపడాలో సిగ్గుపడాలో వాళ్లే తేల్చుకోవాలి.

కోడ్‌తో పాటు కంప్యూటరు ఇంకొకటి కూడా దాచుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. తప్పు దొరికిన క్షణంలో బండి వేగం ఎంత, ఇంజిన్ చక్కర్లు ఎన్ని, నీళ్ల వేడి ఎంత అన్నీ అందులో ఉంటాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వస్తోందా, ఎత్తు ఎక్కేటప్పుడా అన్నది అక్కడ తేలుతుంది. దురదృష్టమేమిటంటే, చాలామంది చేసే మొదటి పని కోడ్ కొట్టేయడం, లేదా బ్యాటరీ తీగ ఊడదీసి మళ్లీ పెట్టడం. ఆ దెబ్బకు లైటుతో పాటు ఆ సాక్ష్యమంతా తుడిచిపెట్టుకుపోతుంది. లైటు కూడా తొందరపడి వెలిగేది కాదు. చాలా తప్పుల్ని వరసగా రెండు ప్రయాణాల్లో చూస్తే గానీ వెలగదు. బాగు చేశాక, వరసగా మూడు ప్రయాణాల్లో తప్పు కనబడకపోతే దానంతట అదే ఆరుతుంది. కోడ్ మాత్రం ఇంజిన్ సుమారు నలభై సార్లు చల్లబడి వేడెక్కేదాకా జ్ఞాపకంలో ఉంటుంది. ఆటోనగర్ మేస్త్రి కోడ్ కొట్టేయకుండా వదిలేయడం బద్ధకం వల్ల కాదు. లైటు తనంతట తాను ఆరితే గొట్టం మార్చిన పని సరైనదేనని కారే ఒప్పుకున్నట్టు.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఈ జ్ఞాపకశక్తిని బాగా వాడుకోవచ్చు. కోడ్లు తుడిచాక కారు తన పరీక్షలన్నీ మొదట్నుంచి చేసుకోవాలి. అవి పూర్తయ్యేదాకా స్కానర్లో 'నాట్ రెడీ' అని ఉంటుంది. అమెరికాలో తనిఖీవాళ్లు ఆ మాట కనబడితే కారును వెనక్కి పంపేది అందుకే. కోడ్లు తుడిచాక కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న లెక్క కూడా చాలా కార్లలో దొరుకుతుంది. మద్దిలపాలెంలో అమ్మకానికి పెట్టిన కారు డ్యాష్‌బోర్డు అద్దంలా శుభ్రంగా ఉంటుంది, ఒక్క దీపం కనబడదు. "సింగిల్ ఓనర్ సార్, ఇంతవరకూ బోల్టు విప్పలేదు" అంటాడు అమ్మేవాడు. కొనేవాడు టీ చెప్పించుకుని, సాకెట్లో అగ్గిపెట్టెంత ముక్క గుచ్చి, ఫోన్ చూస్తాడు. ఓడోమీటర్లో 64,000 ఉంటే, కోడ్లు తుడిచాక తిరిగింది 4 కిలోమీటర్లని వస్తుంది. బేరం అక్కణ్నుంచి మొదలవుతుంది.